చంద్రావతి ముక్కులో రాయి

వళ్ళియమ్మ చావు ప్రమాదమేనని పోలీసులు తేల్చేశారు. తేల్చుకోలేకపోయినవాడు ఆమె కొడుకు దండపాణి ఒక్కడే.

జరిగింది ఇదీ. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో వాళ్ళ ఇల్లు. ఎలుక కొరికిన ట్యూబులోంచి రాత్రంతా గ్యాసు కారుతూనే ఉంది. మార్గశిర మాసపు చలి, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. తెల్లవారకముందే కోడలు చంద్రావతి లేచి, వంటింట్లోకి వెళ్ళి, చీకట్లోనే బకెట్టూ ముగ్గుపిండి డబ్బా తీసుకుని వాకిట్లోకి వచ్చింది. ఆమె ముగ్గు వేస్తుండగా అత్త వళ్ళియమ్మ లేచింది. ఆమెకు ముందురోజు నుంచీ గట్టి పడిశం. ముక్కుకూ నుదుటికీ అమృతాంజనం దట్టంగా పట్టించుకుని పడుకుంది. ఆవిరి పట్టుకుందామని గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ వెలిగించింది.

అంతే. వంటింటి తలుపు వచ్చి వీధిలో పడింది.

దండపాణి ఆ వేళ కాట్టుపల్లి ఓడల యార్డులో షిఫ్టులో ఉన్నాడు. కాంట్రాక్టు వెల్డరు. టార్చి అంటించే ముందు గొట్టం మొదలు దగ్గర వంగి వాసన చూడడం అతడికి ఊపిరంత అలవాటు. గ్యాసు వాసన అంటే ఏమిటో, అది ఎంత దూరం కొడుతుందో అతడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆస్పత్రిలో తల్లి ప్రాణం పోయేదాకా అతడు ఏమీ ఆలోచించలేదు. కర్మాంతరం నాడు ఎదురింటి ఆరోగ్యమేరి పలకరించడానికి వచ్చి, ఊరికే ఒక మాట అనేసి పోయింది.

"నాకు కొళాయి కాడే వాసన కొట్టినాది తంబీ. చెప్తామా అనుకుంటి. నీ పెండ్లాం వాకిట్లోనే ముగ్గేస్తా ఉండాదే, ఏమన్నా ఉంటే ఆయమ్మ చూసుకోదా అని గమ్మునుంటి."

ఆ మాట దండపాణి చెవిలో పడి, అక్కడినుంచి కదలలేదు.

వీధికి అటువైపున్న మనిషికి కొట్టిన వాసన, ఆ వంటింట్లోకే వెళ్ళి వచ్చిన మనిషికి కొట్టలేదా? స్విచ్చి నిప్పురవ్వ చాలు, గ్యాసు అంటుకునేది; అది తెలిసే లైటు వేయలేదా? ఆ రాత్రే అడిగాడు.

"లైటేస్తే అత్తకు మెలకువొస్తాదని ఎయ్యలే బావా" అంది చంద్రావతి. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "వాసన నాకు తెలవలే. నాకు చిన్నప్పట్నుంచే వాసనలు సరిగా తెలవవు."

"ఇన్నేండ్లు కాపురం చేసినావు. ఒక్కనాడన్నా చెప్పినావా? ఈ మాట ఈ రోజు యాడినుంచి వచ్చినాది?"

"చెప్తే అత్త పొయ్యికాడికి రానిస్తాదా?"

అదే అతడికి ముల్లులా గుచ్చుకుంది. పొయ్యి. ఆ ఇంట్లో రగడంతా పొయ్యి గురించే.

చంద్రావతి వళ్ళియమ్మకు పరాయిదేమీ కాదు, సొంత అన్న కూతురు. తిరుత్తణి పక్క పల్లెలో పుట్టింది. వళ్ళియమ్మే ఏరి కోరి కోడలుగా తెచ్చుకుంది. కానీ కొన్నేళ్ళుగా చంద్రావతి దగ్గర ఒక కుళ్ళు వాసన. నోరు అనుకున్నారు. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి పళ్ళన్నీ శుభ్రం చేయించుకుంది. బుగ్గన లవంగం లేకుండా బయటికి రావడం మానేసింది. వాసన మాత్రం పోలేదు. "అన్న కూతుర్ని తెచ్చుకుంటినా, అటక మీద చచ్చిన ఎలుకను తెచ్చుకుంటినా" అని వళ్ళియమ్మ నలుగురిలోనూ అనేది. ముందు ఊరగాయ జాడీ ముట్టనివ్వలేదు. తర్వాత పెరుగు తోడు పెట్టనివ్వలేదు. చివరికి ఆ దీపావళి నుంచి వంటింట్లో గరిటె కూడా తిప్పనివ్వలేదు. ఆ పేలుడుకు ముందురోజు సాయంత్రం చంద్రావతి ఓర్చుకోలేక అరిచింది: "నువ్వుండేదాకా నాకీ ఇంట్లో పొయ్యి లేదత్తా!" ఆ అరుపు వీధి సగం విన్నది. తెల్లారేసరికి అత్త మంటల పాలైంది.

నిప్పు లేనిదే పొగ రాదు అన్నారు చుట్టాలు.  ఆ వేళ ఇంట్లో లేక బతికిపోయిన కూతురు మోక్షితను దండపాణి, ఇల్లు బాగుచేయించేదాకా అనే వంకతో, తిరుత్తణిలో బావమరిది అరుణాచలం ఇంట్లో దించి వచ్చాడు. వంటింటికి కొత్త గోడ లేచింది, సున్నం పడింది, కొత్త స్టవ్ వచ్చింది. పిల్ల మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో చంద్రావతి అడగలేదు. ఆమెకు తెలుసు. తల్లి దగ్గర పిల్లను ఒంటరిగా వదలడానికి అతడికి ధైర్యం చాలడం లేదు.

ఒకరోజు యార్డులో తోటి వెల్డరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడు నుంచి ఎండు రొయ్యలు తెచ్చి పంచాడు. దండపాణి తన పొట్లాన్ని వంటింట్లో పెట్టలేదు. చంద్రావతి పడుకునే మంచం కింద, తల్లి ట్రంకుపెట్టె వెనక, మూతి విప్పి పెట్టాడు. చూద్దాం, ఎన్నాళ్ళు నటిస్తుందో.

గది కంపెత్తిపోయింది. గుమ్మంలో అడుగుపెట్టిన ఆరోగ్యమేరి ముక్కు మూసుకుంది. "ఏందమ్మా ఇది, ఇల్లా చేపల మార్కెట్టా?" చంద్రావతి బెదిరిపోయి చీర కొంగు ఒంటి చుట్టూ బిగించుకుంది. ఆ కంపు తనదే అనుకుంది. పోయి మళ్ళీ స్నానం చేసి వచ్చింది. రాత్రి అదే మంచం మీద, రొయ్యలకు జానెడు పైన, నిశ్చింతగా నిద్రపోయింది.

గుమ్మంలో నిలబడి చూసిన దండపాణికి గుండె చల్లబడాలి. చల్లబడలేదు. ఎంత గట్టి పిండం, అనుకున్నాడు. ఇంత కంపులోనూ ముఖం చిట్లించకుండా పడుకుందంటే, ఆ రోజు ఎంత నటించి ఉండాలి!

అనుమానం పట్టిన మనిషికి సాక్ష్యం చూపించి లాభం లేదు. అనుమానం దాన్ని కూడా తినేసి బలుస్తుంది.

ఉగాది వెళ్ళిన వారానికి చంద్రావతి కుడి ముక్కులోంచి రక్తం కారింది. గిన్నెలు తోముతూ ఉంటే బొట్లు బొట్లుగా తొట్టిలో పడింది. కుడి చెంప వాచి, కన్ను కింద ఒకటే పోటు. ఫోన్లో అక్క గొంతు విన్న అరుణాచలం మొదటి ఎలక్ట్రిక్ రైలు పట్టుకుని తిరుత్తణి నుంచి దిగిపోయాడు.

"బావా, ముక్కు డాక్టరుకు చూపించల్ల. నువ్వు తోడుకోనిపోతావా, నేను తోడుకోనిపోదునా?"

"నేనే పోతాలే" అన్నాడు దండపాణి. ప్రేమతో కాదు. డాక్టరు ఏమంటుందో తన చెవులతో వినాలని.

తిరువళ్ళూరులో రైల్వే స్టేషనుకు పోయే రోడ్డులో డాక్టరు జనని క్లినిక్కు. చిన్న వయసు, తక్కువ మాటలు. తమిళంలో అడిగిన మొదటి ప్రశ్నకే చంద్రావతి తల ఎత్తింది.

"కారడం రెండు ముక్కుల్లోనా, ఒక్క కుడివైపేనా?"

"కుడిపక్కే."

"ఎప్పటినుంచి?"

"బుద్ధి తెలిసినప్పట్నుంచి. జలుబనుకున్నా."

డాక్టరమ్మ దండపాణి వైపు తిరిగింది. "నోటి వాసన అని పళ్ళు తోమించారు కదూ? ఒకే వైపు ముక్కు కంపు కొడితే చూడాల్సింది పళ్ళు కాదు. లోపల ఏముందని చూడాలి."

సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి వెళ్ళింది. పక్కనున్న తెర మీద ఎర్రటి మెత్తటి సొరంగం, చీము, ఆ వెనక దారికి అడ్డంగా ఒక నల్లటి బూడిదరంగు గడ్డ. డాక్టరమ్మ ఉక్కు పుల్లతో దాన్ని మెల్లగా తాకింది. గరుక్కుమంది. మాంసం చప్పుడు కాదు అది.

"రాయి" అంది.

స్కాను తీశారు. ఆ నల్లటి పటంలో రాయి ఎముక కన్నా తెల్లగా వెలుగుతోంది. ముక్కు నడిమి దూలాన్ని ఎడమవైపుకు నెట్టేసి, వాసన పైకి పోయే ఆ దారినీ మూసేసింది. చెంప ఎముక లోపల ఖాళీగా ఉండాల్సిన గది గోడను తినేసి, ఆ గదిలోకి కూడా కొమ్ము చాచింది. గది నిండా చీము.

"ముక్కులో ఏదైనా చిన్న వస్తువు చిక్కుకుపోతే దాని చుట్టూ ఒంట్లో ఉన్న సున్నమూ ఉప్పూ పొరలు పొరలుగా పేరుకుంటాయి. మందులకు కరగదు. మత్తు ఇచ్చి, ముక్కు దారినే లోపలే ముక్కలు చేసి తీసేయాలి. చెంప గదినీ కడిగేయాలి. బయట కోత ఉండదు. వాసన తెలుస్తుందామ్మా నీకు?"

చంద్రావతి భర్త ముఖం చూడకుండా తల అడ్డంగా ఊపింది.

దండపాణి ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ లోపలికి వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"డాక్టరమ్మా, ఒక మాట. వాసన తెలవదని చెప్పేది నిజమా, నాటకమా అని మీకు తెలుస్తాదా?"

ఆమె అతడిని పైనుంచి కిందిదాకా చూసింది. ఎందుకని అడగలేదు. చంద్రావతిని లోపలికి పిలిచి కళ్ళు మూసుకోమంది. ఎడమ ముక్కు దగ్గర కాఫీపొడి పెట్టింది. ఏమీ లేదంది చంద్రావతి. లవంగనూనె. ఏమీ లేదు. తర్వాత ఇంకో చిన్న సీసా మూత తీసి పెట్టగానే చంద్రావతి తల వెనక్కి విసిరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వాసన లేదమ్మా. మంట. కండ్లల్లో మంట పుట్టినాది."

ఆమె బయటికి పోయాక డాక్టరమ్మ సీసా మూత బిగించింది. "ఇది అమ్మోనియా. దీన్ని పసిగట్టేది వాసన నరం కాదు, మంట తెలిసే నరం. వాసన నిజంగా తెలియనివాళ్ళు కూడా ఎగిరిపడతారు. నాటకమాడేవాళ్ళు దీనికి కూడా ఏమీ తెలియదనే అంటారు. మీ ఆవిడ నాటకమాడడం లేదు."

 అయినా దండపాణి పట్టు వదల్లేదు. "ఎప్పట్నుంచి తెలవదు? మా అమ్మ పోయినంక వచ్చిన జబ్బా, ముందుదా?"

"రాయి నెలల్లో పెరగదు, ఏళ్ళు పడుతుంది. కానీ వాసన ఎప్పుడు పోయిందో దాని సైజు చూసి చెప్పలేను. తీశాక చూద్దాం. చాలాసార్లు నడుమ ఏదో ఒకటి దొరుకుతుంది. చింతగింజో, పూసో."

ఆపరేషన్ రోజు గది బయట బెంచీ మీద దండపాణి, అరుణాచలం పక్కపక్కనే కూర్చున్నారు.  చివరికి అరుణాచలమే నోరు విప్పాడు.

"నువ్వేమనుకుంటా ఉండావో నాకు తెలుసు బావా. పాపను మా ఇంట్లో ఎందుకు పెట్టినావో కూడా తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"మా యక్క ఆ పని చేసినాదని అనుకుంటా ఉండావు. నోరు తెరిచి అనేదానికి ధైర్యం లేదు. అంటే అది పుట్టింటికొస్తాది, నీకు కూడుండదు."

"మాటలు చూసి మాట్లాడు అరుణా."

"చూసే మాట్లాడతా ఉండా. నాకు అత్త కాదా ఆమె? ఎత్తుకొని పెంచింది. ఆమె పోయినాదని నాకు మాత్రం కడుపు మండలేదా?"

దండపాణి లేచి నిలబడ్డాడు. అప్పుడే తలుపు తెరుచుకుంది.

డాక్టరు జనని చేతిలో స్టీలు పళ్ళెం. అందులో తడిగా, మసిబారిన గచ్చు పెళ్ళల్లాంటి ముక్కలు. ఆ కంపుకు అరుణాచలం రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ చంద్రావతి చుట్టూ తిరిగిన కంపు అదే.

"అంతా వచ్చేసింది. ఆమె బాగుంది. నడుమ ఇది దొరికింది చూడండి."

అన్నింటికన్నా పెద్ద పెళ్ళ రెండుగా విడిపోయి ఉంది. పగిలిన ముఖంలో, పొరల మధ్య, గోధుమరంగు గీత. చిమటాతో దాన్ని బయటికి లాగింది. అగ్గిపుల్లలో సగమంత లేదు. ఒక కొన సన్నగా చెక్కి ఉంది.

"ఏదో పుల్ల. చిన్నప్పుడు పెట్టుకుని ఉంటుంది. పిల్లలు..."

"పిల్లలు పెట్టుకునేది కాదమ్మా" అన్నాడు అరుణాచలం.  "అది ముక్కు కుట్టినంక పెట్టే వేపపుల్ల."

దండపాణి పళ్ళెం మీదికి వంగాడు.

ఆ కథ అతడికి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో తల్లి చెప్పి చెప్పి నవ్వించిన కథ. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండకు కావడి ఎత్తిన మరునాడు, అన్న ఇంట్లో, మేనత్త హోదాలో వళ్ళియమ్మే చంద్రావతిని ఒడిలో కూర్చోబెట్టుకుని ముక్కు కుట్టించింది. పుండు మానేదాకా బంగారం పెట్టరు. రంధ్రం పూడిపోకుండా లేత వేపపుల్ల చెక్కి దూర్చి ఉంచడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆ పుల్లలు వళ్ళియమ్మ తన చేత్తోనే చెక్కేది, రోజూ మార్చేది. ఒకనాడు పొద్దున చూస్తే పుల్ల బయటి తునకే ఉంది, లోపలిది లేదు. పిల్ల ఒకటే ఏడుపు, అది లోపలికి పోయిందత్తా అని. వళ్ళియమ్మ చాప దులిపింది. యాడో పడిపోయుంటాది, గమ్మునుండమే అని కసిరి ఇంకో పుల్ల దూర్చింది. "ఆ పుల్ల మా చంద్ర బుర్రలో చెట్టయి మొలిచుండాది. అందుకే దాని నోటెంట వచ్చే మాట అంత చేదు" అని తల్లి అంటే, ఎన్నిసార్లు విన్నా జనం పడీ పడీ నవ్వేవారు. దండపాణి కూడా నవ్వేవాడు.

తల్లి చెక్కిన పుల్ల. తల్లి చేత్తో దూర్చిన పుల్ల. ఆ పిల్ల ముక్కును మూసేసి, పెద్దయ్యాక ఆ ముక్కునే కంపని తిట్టించి, చివరికి ఆ ఇంట్లో గ్యాసు కారిన తెల్లవారుజామున ఒక్క హెచ్చరిక కూడా అందకుండా చేసింది.

వార్డులో చంద్రావతి ముక్కు నిండా దూది కుక్కి ఉంది. నోటితో గాలి పీలుస్తోంది. దండపాణి మంచం పక్కన నిలబడి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చివరికి అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే చంద్రా."

 ఆమె కళ్ళు మూసుకుంది.

ఇంటికి వచ్చాక దండపాణి మారిన మనిషి. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు కాచి, ముక్కు కడుక్కోవడానికి చల్లార్చి ఇచ్చేవాడు. రాయి ముక్కల్ని మందు సీసాలో వేసుకుని, వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. ఆరోగ్యమేరిని పిలిచి మరీ చూపించాడు. "చూడక్కా, ఇది ఉంటే వాసనెట్లా తెలుస్తాది?" అన్నాడు. ఆమె దండం పెట్టుకుని, "పాపం, ఏమేమో అనుకుంటిమి" అంది. అలా వీధి వీధంతా చంద్రావతి మీది అనుమానం వదిలేసింది. సీసా టీవీ పక్కన కూర్చుంది. ఆమె దాని వైపు చూసేది కాదు.

వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నది డాక్టరమ్మ. వచ్చింది. ముందు ఒకనాడు కాఫీ డికాక్షన్ దగ్గర ఆగిపోయి, గిన్నె మీదికి వంగి, అలాగే నిలబడిపోయింది. తర్వాత సబ్బు. వాన పడిన సిమెంటు. ఒక్కోటి తెలిసినప్పుడల్లా ఆమె ముఖంలో ఏదో కదిలేది, కానీ ఎవరికీ చెప్పేది కాదు.

ఆ ఆదివారం మోక్షితను తీసుకురావడానికి ఇద్దరూ తిరుత్తణి పోవాలి. దండపాణి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. గదిలోంచి ఆమె గొంతు వినిపించింది.

"బావా, ఇంట్లో ఏందో కంపు."

"ఏం లేదే."

అతడికి నిజంగానే ఏమీ తెలియడం లేదు. రోజూ ఉండే వాసన ముక్కుకు తోచదు.

"ఉండాది" అంది. గోడవారగా మెల్లగా నడిచింది, కొత్తగా నడక నేర్చిన పిల్లలా, ఆగి పీలుస్తూ. బీరువా. పరుపు. మంచం. వంగింది. అప్పుడు గుర్తొచ్చింది దండపాణికి. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే నిలిచిపోయింది. నోరు తెరిచేలోపే ఆమె ట్రంకుపెట్టె జరిపి, వెనక చెయ్యి పెట్టి, పొట్లం బయటికి తీసింది. బూజుపట్టి, పొడి రాలుతున్న ఎండు రొయ్యలు.

"ఇది యాడిది?"

అబద్ధం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నోరు రాలేదు.

"నేనే పెట్టినా."

"ఎప్పుడు?"

"అమ్మ పోయినంక. నీకు తెలుస్తాదా లేదా అని..."

చంద్రావతి పొట్లం చూస్తూ నిలబడింది. "ఆ వారమంతా నేను దినానికి మూడుసార్లు నీళ్ళు పోసుకుంటి. కంపు నాదే అనుకుంటి." గొంతు పెంచలేదు. "పరీచ్చ పెట్టినావు. సరే. పెట్టినాక తెలిసిపోయినాది కదా, నాకు వాసన రాదని? దీని మీదే పండుకొని నిద్రపోతిని కదా? అది చూసినాక కూడా నీకు ఇంగేం కావాల్సొచ్చినాది బావా?"

ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడుతోంది. ముందు పసిగట్టింది ఆమే. వచ్చి స్విచ్చి ఆపింది.

"రాయి వచ్చి చెప్తేగానీ నమ్మలేదు నువ్వు. చిన్నప్పుడు మీ అమ్మా నమ్మలేదు."

పెరట్లోకి పోయి చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. అరుణాచలం ఇంటికి సర్దిన సంచిలోంచి అతడి బట్టలు తీసి మంచం మీద పెట్టి, తనవి ఇంకో నాలుగు చీరలు మడిచి పెట్టుకుంది.

"పాపను తోడుకొస్తావా?" అన్నాడు దండపాణి.

"పాప దగ్గరికి పోతా ఉండా" అంది.

చెప్పులు వేసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ విప్పి, వంటింట్లోకి నడిచింది. కిటికీ తెరిచింది. సిలిండరు దగ్గర వంగి, ట్యూబు మొదలు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. రెగ్యులేటరు కట్టేసింది. ఆ తర్వాత సంచి తీసుకుని రైలుకు వెళ్ళిపోయింది.